‘ఫాక్స్‌క్యాచర్’లో ఆ ఎనిమిదేళ్లు ఏమైనట్టు?

మారతహళ్లి పీజీలో మా రూమ్‌మేట్ నెలరోజులుగా చెవిలో జోరీగలా పోరుతుంటే నిన్న రాత్రి ‘ఫాక్స్‌క్యాచర్’ సినిమా చూశాను. 2014లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది, కాదనను. అతికించిన ముక్కుతో స్టీవ్ కారెల్ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే భయమేసింది కూడా. కానీ రెండుంపావు గంటలా! బండి దగ్గర కట్టించుకొచ్చిన మసాలా పూరి నానిపోయింది గానీ కథ కదల్లేదు.

నా డౌట్ ఇది. సినిమాలో 1988 సియోల్ ఒలింపిక్స్ అవ్వగానే హత్య జరిగినట్టు అనిపించింది. నిజానికి రెజ్లర్ డేవ్ షుల్ట్జ్‌ని కోటీశ్వరుడు డూపాంట్ (సినిమాలో కారెల్ వేసింది ఇతని పాత్రే) కాల్చింది 1996 జనవరిలో. మరి మధ్యలో ఆ డూపాంట్ ఎస్టేట్‌లో ఏం జరిగింది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, పుస్తకమైనా డాక్యుమెంటరీ అయినా పర్లేదు. ఆదివారంలోగా అయితే మేలు, రూమ్‌మేట్‌తో పందెం కాశాను.