"ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నావు?" అంటే నోరు పెగలదు. ఎట్ల అడగాలి?

నార్పల_బీకామ్:

అందరికీ నమస్తే. మాది నార్పల దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు, బీకామ్ కంప్యూటర్స్. నాలుగేళ్లుగా అనంతపురంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తున్నాను. 9,000తో చేరాను, ఇప్పుడు 14,000. ఈ నాలుగేళ్లలో జీతం పెంచమని నేను ఒక్కసారి కూడా అడగలేదు. దసరాకు ఆయనే వెయ్యో పన్నెండొందలో కలిపేవారు, నేను "థ్యాంక్స్ సార్" అనేదాన్ని.

పోయిన వారం పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూకు వెళ్లాను. ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేయించారు. కొనుగోళ్లను జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీ స్టేట్‌మెంట్‌తో ఎట్ల సరిచూస్తావని అడిగారు. అన్నీ తడబడకుండా చెప్పాను. చివర్లో హెచ్ఆర్ సార్ "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నావమ్మా?" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "మీ ఇష్టం సార్, మీరెంత ఇచ్చినా పర్వాలేదు." ఆయన కాగితం మీద ఏదో గీసుకుని 16,000 అన్నారు. తలూపి వచ్చేశాను.

బయట బస్సు కోసం నిలబడితే, నాతోపాటు ఇంటర్వ్యూకు వచ్చిన ధర్మవరం అబ్బాయి చెప్పాడు. అతనికి రెండేళ్ల అనుభవమే. 21,000 అడిగితే 19,500కు సరే అన్నారంట. అతని మీద నాకేం కోపం లేదు. అడిగాడు, ఇచ్చారు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా నాన్న చీనీ కాయలు మండీకి తోలితే, టన్నుకు ఇంత అని సూటు పేరుతో కోసేస్తారు. అక్కడ ఒక్క మాట మాట్లాడడు. ఇంటికొచ్చి అమ్మ మీద అరుస్తాడు. ఆయన పోలికే నాకొచ్చింది.

ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు, వారంలో మెయిల్ చేస్తామన్నారు. ఇప్పుడు ఫోన్ చేసి ఎక్కువ అడగొచ్చా? పొగరనుకుంటే? ఉన్నది కూడా పోతే? ఇంకో తలనొప్పి, నా డిగ్రీ ఒరిజినల్స్ ఇప్పటి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. చేరినప్పుడు తీసుకున్నారు.

దయచేసి "అడగనిదే అమ్మైనా పెట్టదు" అని మాత్రం రాయొద్దు. అది నాకూ తెలుసు. ఎట్ల అడగాలో చెప్పండి.

---

హైవే_హెచ్ఆర్:

చెల్లెమ్మా, నేను టేబుల్‌కు అవతలి పక్క కూర్చునేవాణ్ణి. హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా ఇదే పని. నిజం చెప్తాను. ఒక పోస్టుకు ఇంత నుంచి ఇంత అని ఇంటర్వ్యూకు ముందే పైవాళ్లు రాసిచ్చేస్తారు. "మీ ఇష్టం" అన్న మనిషికి కింది అంకె రాస్తాం. మర్యాద చూసి ఎవరూ పైది రాయరు. నేనూ రాయలేదు ఎప్పుడూ.

లెటర్ రాలేదు కాబట్టి టైమ్ ఉంది. ఈ మధ్యలో అడిగితే పొగరనుకోరు. చేరిన రెండో నెలలో అడిగితేనే మొహం మాడ్చుకుంటాం.

అంతకన్నా ముందు ఒకటి తేల్చుకో. ఆయన చెప్పిన 16,000 సీటీసీయా (కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు), గ్రాసా (కోతలకు ముందు జీతం), చేతికొచ్చేదా? అడగలేదు కదా! మా దగ్గర వేసే లెక్క చెప్తాను. గ్రాస్ 20,000, అందులో బేసిక్ (మూల వేతనం) 12,000 అనుకో. నీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 0.75 శాతం, 150. వృత్తి పన్ను 150. చేతికి 18,260. కంపెనీ కట్టే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 650, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టే 577 కలిపి దాన్నే 22,667 సీటీసీ అంటాం. చూశావా, 18,260కీ 22,667కీ ఎంత తేడానో. మీ నాన్న మండీలో సూటు లాంటిదే ఇది. కాకపోతే పీఎఫ్ నీ యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) కిందే ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు. అందుకని ఎప్పుడూ గ్రాస్‌లో మాట్లాడు.

"నాకు ఇంట్లో ఇబ్బంది" అని మాత్రం అడగొద్దు. ఇబ్బంది అందరికీ ఉంది, నాకూ ఉంది. నువ్వు చేసిన పని చెప్పు. నెలకు ఎంతమంది క్లయింట్ల రిటర్నులు వేస్తున్నావు? 11వ తేదీకి అమ్మకాల వివరాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20కి పన్ను కట్టే రిటర్ను 3బీ తప్పకుండా వెళ్తున్నాయా? ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీ. నీ చేతిలో ఎవరికైనా పడిందా? పడలేదంటే, అదే నీ బలం.

---

కడప_శీనుగాడు:

ఇదంతా బాగుంది గానీ అబద్ధం మాత్రం ఆడొద్దక్కా. నేను ఆడి బోల్తా పడ్డాను. బెంగళూరులో వేరే కంపెనీ 30,000 ఇస్తానందని ఊరికే వదిలాను. ఆ సార్ నవ్వి "అయితే ఆ లెటర్ మెయిల్ చెయ్యి, మ్యాచ్ చేస్తాం" అన్నాడు. లెటర్ ఉంటే కదా! రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు నేను. ఉన్న ఆఫర్ కూడా పాయె. ఇప్పుడు మా మామ ఎరువుల అంగట్లో బిల్లులు రాస్తున్నా.

---

పాతూరు_టీచరమ్మ:

అమ్మాయీ, నాది వేరే రోగం. అడగడం వచ్చు, ఆగడం రాదు. ప్రైవేట్ స్కూల్లో చేస్తున్నప్పుడు ధైర్యం చేసి కరస్పాండెంట్ గారిని "పదిహేను వేలు చేయండి సార్" అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు. ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే "పోనీ పన్నెండైనా పర్లేదు సార్" అనేశాను! ఆయన నోరు విప్పకుండానే మూడు వేలు నేనే తగ్గించుకున్నాను. ఇంటికెళ్లి చెప్తే మా ఆయన ఇప్పటికీ కళ్లద్దాలు తుడిచి ఏడిపిస్తాడు.

కాబట్టి అంకె చెప్పాక నోటికి తాళం వెయ్యి. లోపల ఒకటి నుంచి లెక్కపెట్టుకో, ఇరవై దాకా వచ్చినా సరే. ముందు ఇంట్లో అద్దం ముందు ఆ అంకెను గట్టిగా పదిసార్లు పలుకు. మొదటిసారి బయట పలికితే గొంతు వణుకుతుంది, నిజం.

ఒరిజినల్స్ సంగతి.  వాటిని బీరువాలో పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. గొడవగా వద్దు. "సార్, ఫలానా రోజుకు నా సర్టిఫికెట్లు కావాలి" అని తేదీ చెప్పి అడుగు, అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టు. రాజీనామా మాట ఎత్తకముందే తెచ్చుకో. యూనివర్సిటీ ఎక్కించి ఉంటే ప్రభుత్వ డిజీలాకర్ యాప్‌లో కూడా చూసుకో.

---

నార్పల_బీకామ్:

ఐదు రోజులు కనబడనందుకు ఏమనుకోవద్దు. జరిగింది రాస్తాను.

అన్నా, మీరడిగాక కూర్చుని లెక్క తీశాను. 38 మంది క్లయింట్లు. రెండేళ్లలో లేట్ ఫీ ఒక్కసారే పడింది, అదీ ఆ క్లయింట్ బిల్లులు 22న తెచ్చిచ్చాడు కాబట్టి. ఇంత పని చేస్తున్నానని నాకే తెలీదు.

మధ్యాహ్నం అన్నాల టైమ్‌లో మేడ మీదికెళ్లి ఆ కంపెనీ హెచ్ఆర్ సార్‌కు ఫోన్ చేశాను. చీటీ మీద రాసుకున్నది చూసి చదివాను: "సార్, ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. నా పనికి గ్రాస్ 20,000 అనుకుంటున్నాను." ఆ 38 లెక్క చెప్పాను. తర్వాత ఆగాను. టీచరమ్మా, పద్నాలుగు దాకా వచ్చింది లెక్క. ఫోన్లో అవతల మిషన్ల చప్పుడు తప్ప ఏం లేదు. పద్నాలుగు దగ్గర ఆయనే "20 కాదమ్మా, 18,500 గ్రాస్ చేస్తా" అన్నారు. ఆరు నెలల తర్వాత రివ్యూ అని కూడా అన్నారు. "అది లెటర్‌లో రాస్తారా సార్?" అని అడిగేశాను. ఈ మాట చీటీలో లేదు, ఎక్కడ నుంచి వచ్చిందో! ఇవాళ లెటర్ వచ్చింది, రాశారు.

ఆ ధర్మవరం అబ్బాయికి ఇచ్చిన 19,500 దాకా నాది పోలేదు. మనసులో కొంచెం ఉంది.

సర్టిఫికెట్లు బుధవారానికి కావాలని మెసేజ్ పెడితే మా సార్ మాట్లాడకుండా బీరువా తీసి ఇచ్చారు. తర్వాత పిలిచి రెండు వేలు పెంచుతానన్నారు. నాలుగేళ్లు ఈ మాట ఎక్కడుందో. ఈ నెల 3బీలన్నీ వేసి 20 దాటాక మానేస్తానని చెప్పాను.

ఇంటికెళ్లి 18,500 అంటే నాన్న మొదట అడిగింది, "అందులో సూటెంత పోతాది?" అని. పదహారు వందల చిల్లర పోతుంది, అందులో పీఎఫ్ మళ్లీ మనదే అని చెప్పాను. "మనదే అయితే అది సూటెట్ల అవుతుంది" అన్నాడు.