తీగ లాగితే కదిలేది పొదా, దారా?

ఆదోని: ఒక వాక్యం నెలరోజులుగా నోట్లో నానుతోంది, తోక మాత్రం దొరకడం లేదు. అట్ట ఊడిపోయిన పాత డిటెక్టివ్ సీరీస్. భాగం ముగిసే ప్రతిసారీ పరిశోధకుడు ఒకే మాటంటాడు: "తీగ దొరికింది, ఇక డొంక..." ఆ తర్వాత 'కదలాలి' అనా, 'పట్టాలి' అనా? 'తీగ లాగితే డొంకంతా కదిలింది' అన్న సామెతను బట్టి చూస్తే కదలాలి. 'పట్టాలి' అయితే డొంక అంటే దారి, ఆ దారి పట్టాలని. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు: 'కదలాలి'నే. దారి యాడన్నా కదులుతుందా అన్నా? సామెతలో డొంకంటే పొద. మా పక్క దాన్ని కంప అంటారు కాబట్టే మనకు ఈ తికమక.

నంద్యాల: అంత తొందరగా తేల్చొద్దు. నిఘంటువుల్లో పొద, ఇరుకుదారి రెండూ ఉన్నాయి. గుంటూరు, ఒంగోలు వైపు డొంకంటే ఇప్పటికీ పొలాల మధ్య బండ్లు, గొడ్లు పోయే బాట. 'డొంకతిరుగుడు' అన్న మాట వచ్చింది పొద నుంచి కాదు, దారి నుంచే అనుకుంటా. ఆ రచయిత కోస్తావాడైతే 'పట్టాలి' అనే రాసుంటాడు.

ప్రొద్దుటూరు: మరి సామెతలో 'డొంకంతా' ఎందుకుంది? 'అంతా' అనాలంటే అది ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉండాల. బాటకు ఆ మాట అతకదు.

నంద్యాల: ఆ బాటకు రెండు పక్కలా కంచె ఉంటుంది సార్. కంచె పొడుగునా తీగ పాకి ఉంటుంది. ఒక కొస లాగితే బాట వెంబడి కంచె మొత్తం ఊగుతుంది. దారీ పొదా ఒకే చోట ఉన్నాయి.

అనంతపురం: ఈ తేడా మీద ఆధారపడి డిటెక్టివ్ కథలు రెండు జాతులని నా నమ్మకం. ఇంగ్లీషు క్లూ అనే మాటకు మొదట్లో అర్థం నూలుండ. గ్రీకుల కథలో థీసియస్ పద్మవ్యూహం లాంటి భవనంలోకి నూలుండ విప్పుకుంటూ వెళ్లి, ఆ దారం పట్టుకునే బయటపడతాడు. అంటే దారం వెంట మనిషి నడవాలి. మన తీగ అట్లాంటిది కాదు. నిలబడిన చోటే నిలబడి లాగి, ఎక్కడ ఆకు కదిలిందో చూడాలి. షెర్లాక్ హోమ్స్ కథల్లో 1892 నాటి గుర్రం కథ చూడండి. రాత్రి కుక్క మొరగలేదన్న ఒక్క సంగతి లాగితే, వచ్చినవాడు ఇంటిమనిషేనని తేలుతుంది. ఆ ఒక్క సంగతి తేల్చడానికి పరిశోధకుడు దేని వెంటా నడవలేదు. అది పొద జాతి. పాదముద్రల వెంట పోయేవన్నీ బాట జాతి. అందుకే ఆదోని అన్న అడిగిన వాక్యంలో ఆ ఒక్క క్రియ ముఖ్యం.

ఆదోని: ఆ సీరీస్‌లో రెండు రకాల కథలూ ఉన్నాయి, అదే చిక్కు. మా సరిహద్దులో కన్నడంలో డిటెక్టివ్ నవలను 'పత్తేదారి కాదంబరి' అంటారు. పత్తా లేడు అంటామే, ఆ పత్తానే. పత్తా అంటే జాడ కాబట్టి అది బాట వైపుకే మొగ్గుతుంది.

కడప: అందరూ డొంక గురించే కొట్లాడుతున్నారు, తీగ ఏదో ఎవరూ అడగలేదు. నల్లేరును లాగి చూడండి. నాలుగు పలకల కాడ, మధ్యమధ్యలో కణుపులు. లాగితే కణుపు దగ్గర పుటుక్కున విరిగి ముక్క చేతికొస్తుంది, పొద ఉలకదు పలకదు. తిప్పతీగ అట్లా కాదు. కాడ పీచు పీచుగా గట్టిగా ఉంటుంది, కొమ్మల మీద నుంచి సన్నని ఊడలు దారాల్లా వేలాడతాయి, నాలుగు చెట్లకు చుట్టుకుని ఉంటుంది. దాన్ని లాగితేనే డొంకంతా కదిలేది. సామెత కట్టినవాళ్లు తిప్పతీగను చూసే కట్టారంటాను. సీరీస్ రాసేవాళ్లు చేసే తప్పూ ఇక్కడే ఉంది. మొదటి భాగంలో పెట్టిన ఆధారం ఒక్క అధ్యాయానికే చుట్టుకుని ఉంటే అది నల్లేరు, మూడో భాగంలో లాగేసరికి విరుగుతుంది. కనీసం ముగ్గురు పాత్రలకు, రెండు సంఘటనలకు చుట్టుకున్న ఆధారమే చివరిదాకా బరువు మోస్తుంది.

అనంతపురం: అక్కా, తిప్పతీగ మాట బంగారం.

నంద్యాల: ఆ తిప్పతీగ కావాలంటే సూరన దగ్గరికే పోవాలి. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది మా నంద్యాల కృష్ణరాజుకే. 16వ శతాబ్దంలో ఎనిమిది ఆశ్వాసాల మిస్టరీ, ఫాంటసీ రెండూ కలిపి రాశాడు. ద్వారకలో కథ మొదలవుతుంది. కొంతదూరం పోయేసరికి ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు కనపడతారు. ఎవరు అసలో, ఎవరు మాయో చదివేవాడికి అంతుపట్టదు. కళాపూర్ణుడి కథ అనే పేరు మాత్రం ముందే చెవిన వేసి, ఆ కథేమిటో చెప్పడు. సగం కావ్యం దాటాక, ఎదకు మణి తగలగానే మధురలాలస అనే పసిపాప నోరు విప్పుతుంది. అప్పటిదాకా విడివిడిగా పడి ఉన్నవన్నీ ఒక్కసారి కదులుతాయి. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారంలో ఈ కావ్యాన్నే ఎత్తుకున్నాడంటే ఊరికే కాదు.

ప్రొద్దుటూరు: మణి అన్నారు కాబట్టి కాశీమజిలీ కథలు గుర్తుకొచ్చాయి. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలు రాశాడు. అక్కడ మణిసిద్ధుడి చేతిలో మణే కదా గతం చెప్పేది. ప్రతి మజిలీలో ముందు గోపబాలుడికి ఒక వింత కనపడుతుంది, ఆ తర్వాత దాని వెనక కథ. ముందు శవం, తర్వాత కారణం అన్న డిటెక్టివ్ క్రమం అదే. సూరన నుంచే పట్టుంటాడు.

నంద్యాల: సూరన నుంచే అనడానికి మణి ఒక్కటి చాలదు. మణితో పూర్వకథ తెలియడం పాత కథల్లో ఉన్నదే.

కడప: దాసరి సుబ్రహ్మణ్యం చందమామ సీరియళ్లను వదిలేస్తున్నారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఈ రెంటిలోనూ ఆయన జంటనే పంపుతాడు. ఒకడికి తట్టనిది రెండోవాడితో అడిగించి, ఆధారాన్ని మాటల మధ్య మనముందే పెడతాడు. నెలకో భాగం చదివే పిల్లలు పాత సంగతి మరిచిపోకుండా ఉండాలంటే అదే సరైన పద్ధతి. ఆయనది ముమ్మాటికీ బాట జాతి, నడుస్తూనే ఉంటారు.

ఆదోని: అంటే ఆయన రాసుంటే 'పట్టాలి' అని ఉండేదా?

కడప: ఆయన డిటెక్టివ్ సీరీస్ సంగతి కాదు కదా మనం మాట్లాడేది.

అనంతపురం: సూరననే అడిగితే రెండూ ఒప్పుకునేవాడు. ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ చెబుతూ రాఘవపాండవీయం నడిపినవాడికి డొంకకు రెండర్థాలు ఎంత పని?

ప్రొద్దుటూరు: ద్వ్యర్థి అయినా క్రియ రెండు వైపులా అతకాల సార్. 'కదలాలి' దారికి అతకదు, 'పట్టాలి' పొదకు అతకదు. సూరన అట్లాంటి క్రియ వాడడు.

నంద్యాల: 'దొరకాలి' అయితే రెండిటికీ అతుకుతుంది.

ఆదోని: 'తీగ దొరికింది, ఇక డొంక దొరకాలి.' చెవికి బాగానే ఉంది. కానీ ఆ వాక్యం చివర 'ట'నో 'ద'నో గట్టిగా పలికినట్టు గుర్తు. 'పట్టాలి'లో టకారం ఉంది, 'కదలాలి'లో దకారం ఉంది.

కడప: ఆ పుస్తకం ఏ భాగమో, తీగ అన్నప్పుడు ఆయన చేతిలో ఏముందో చెప్పండి. ఉత్తరమా, గుండీనా, తాళంచెవినా? తాళంచెవి అయితే నాది 'పట్టాలి'.

ఆదోని: మూడో భాగం. సగం కాలిన రైలు టికెట్.

అనంతపురం: టికెట్ మీద ఊరి పేరు మిగిలిందా, తేదీ మిగిలిందా?