వారం వారం కీమో నడుస్తోంది, ఊరి పొడి, తిప్పతీగ కషాయం ఇయ్యొచ్చా?

ప్రశ్న (హనుమకొండ)

అమ్మకు 54 ఏళ్లు, బరువు 50 కిలోలు, షుగర్ ఉంది. రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయింది. 21 రోజులకొకటి చొప్పున కీమో ఎర్ర మందు నాలుగుసార్లు ఎక్కించిన్రు. ఇప్పుడు హైదరాబాద్‌లో వారానికొకటి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు, మొత్తం 12, రెండు అయినయి. మూడోది ఎల్లుండి.

మేనమామ ములుగు దిక్కు నుంచి ఒక పొడి తెచ్చిండు. పొట్లం మీద పేరు లేదు. పొద్దున, రాత్రి చెంచాడు తేనెలో ఇయ్యమన్నరు. నాలుగు రోజులైంది. ఆకలి బాగా పెరిగింది, ఒళ్లు నొప్పులు పోయినయి అంటోంది. అది చూసి మామ కీమో ఆపి ఇదే వాడుదామంటున్నడు. తిప్పతీగ కషాయం, పసుపు–మిరియం క్యాప్సూల్స్, బిళ్ళగన్నేరు ఆకు రసం కూడా చెప్తున్నరు. ఏది ఇయ్యొచ్చు, ఏది వద్దు? ఇంకోటి, అమ్మకు "గడ్డ" అని చెప్పినం గాని క్యాన్సర్ అనే మాట చెప్పలేదు.

జవాబు 1 (క్యాన్సర్ వార్డు ఫార్మసిస్టు)

తమ్మీ, పొడి ఇవాళే ఆపు. పారెయ్యకు, పొట్లంతో సహా ఎల్లుండి డాక్టర్ ముందు పెట్టు. నాలుగు రోజుల్లోనే ఆకలి లేచి, నొప్పులు మాయమైనయంటే ముందుగా అనుమానించాల్సింది అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని. పేరులేని పొడుల్లో ఇది దొరుకుతూనే ఉంటది. ఇవాళ పరగడుపున ఒకసారి, అన్నం తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్ చూడు. పాక్లిటాక్సెల్‌కు ముందు దవాఖానలో కూడా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తరు, రెండూ కలిస్తే షుగర్ ఎటో పోతది. అంతకన్నా పెద్ద భయం, స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పేస్తది. లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్లు వెచ్చబడదు. నాలుగు రోజులే కాబట్టి ఆపొచ్చు. నెలల తరబడి వాడినవాళ్లు మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారి ఆపొద్దు, అది ప్రాణం మీదికి తెస్తది. భస్మం కలిసిన పొడైతే సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి విషాల భయం వేరే ఉంది.

తిప్పతీగ వద్దు. పాక్లిటాక్సెల్‌ను ఒంట్లోంచి బయటికి పంపేది కాలేయమే. తిప్పతీగ తాగినవాళ్లలో కాలేయం వాచిన కేసులను కోవిడ్ కాలంలో ముంబయి వైద్యులు ప్రచురించిన్రు. ఇక్కడ జరిగేది ఇట్లా. ఇంట్లో కషాయం తాగుతరు, డాక్టర్ తిడతడని దాస్తరు. రక్త పరీక్షలో కాలేయం దెబ్బతిన్నదని చూపే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ పెరుగుతయి. డాక్టర్ అది కీమో వల్లే అనుకుంటడు, డోసు తగ్గిస్తడు లేదా వాయిదా వేస్తడు. తప్పు కషాయానిది, కోత పడేది పనిచేస్తున్న మందుకు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

పసుపు కూరలో, పాలల్లో మామూలుగా వేసుకుంటే ఫర్వాలేదు. క్యాప్సూల్ వద్దు. మిరియంలోని పైపరిన్ కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుంటది, అందుకే దాన్ని పసుపుతో కలుపుతరు. పంపర పనస కూడా ఈ 12 వారాలు పక్కన పెట్టండి, కారణం అట్లాంటిదే.

బిళ్ళగన్నేరు గురించి మామకు నిదానంగా చెప్పండి, ఎందుకంటే ఆయన మాటలో సగం నిజముంది. రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టీన్ ఆ చెట్టుదే. కానీ క్వింటాళ్ల ఆకు నుంచి గ్రాముల లెక్కన తీస్తరు, పెద్దవాళ్లకు ఒకసారికి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనియ్యరు. గుప్పెడు ఆకు రసంలో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. దాంతో నరాలు చచ్చుబడొచ్చు, పాక్లిటాక్సెల్ కూడా నరాలనే పట్టేది. చెట్టు మందునే నమ్ముదామంటే, అమ్మకు ఎక్కుతున్న పాక్లిటాక్సెల్ కూడా మొదట యూ చెట్టు బెరడు నుంచి తీసిందే అని చెప్పండి.

జవాబు 2 (కీమో డేకేర్ నర్సు)

ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి, రాత్రిపూట కూడా చేతికి అందేచోట పెట్టండి. టీ తాగాక పావుగంట ఆగి నాలుక కింద చూడాలి. 100.4 ఫారన్‌హీట్ దాటినా, జ్వరం లేకుండా వణుకు వచ్చినా, ఫైలు పట్టుకొని అప్పుడే బయల్దేరండి. ముందు పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు. తెల్ల కణాలు పడిపోయి ఉంటే గంటల్లో పరిస్థితి తిరగబడుతుంది. హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న పెద్ద దవాఖానకు పోయి "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని మొదటి మాటగా చెప్పండి. పొడి ఆపిన ఈ వారం మరీ జాగ్రత్త.

పాక్లిటాక్సెల్‌తో ఎక్కువగా వచ్చేది వేళ్ల తిమ్మిరి. "తిమ్మిరి ఉందా" అంటే అమ్మలు లేదనే అంటారు. జాకెట్ హుక్స్ పెట్టుకోగలుగుతోందా, గ్లాసు జారుతోందా, కాలి నుంచి చెప్పు ఊడినా తెలియట్లేదా, ఇవి చూడండి. ఏది కనిపించినా తర్వాతి డోసుకు ముందే చెప్పాలి. షుగర్ ఉంది కాబట్టి వాకిట్లోకి కూడా ఒట్టి కాళ్లతో పోనియ్యొద్దు. మందు ఎక్కేటప్పుడు ఆయాసం, ఛాతీ బిగుతు, మొహం ఎర్రబడడం వస్తే వెంటనే నర్సును పిలవండి. ఇది మొదటి రెండు డోసుల్లోనే ఎక్కువ, కానీ మూడో డోసు రోజు కూడా పక్కనే కూర్చోండి.

నోటి పుండ్లకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంట సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మాలి. ఏ రోజుది ఆ రోజే కలపండి.

ఇంటి మందు ఏదో ఒకటి ఇవ్వాలని ఉంటుంది కదా. వికారానికి శొంఠి పొడి రోజుకు పావు నుంచి అర చెంచా మజ్జిగలో ఇవ్వొచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గినా, రక్తం పలచబడే గోలీలు వాడుతున్నా వద్దు. మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు వదిలి, రెండు నరాల మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కితే కూడా కొందరికి వికారం తగ్గుతుంది. నీరసానికి పడుకోబెట్టడం కన్నా నడక మంచిది, పది నిమిషాలతో మొదలుపెట్టండి.

తిండిలో పథ్యం పేరుతో కోతలు వద్దు. 50 కిలోల మనిషికి ఇప్పుడు రోజుకు 60 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గట్టిగా ఉడికిన గుడ్లు, రెండు గ్లాసుల పాలు, వంద గ్రాముల చికెన్ లేదా చేప, రెండు పూటలా పప్పు ఉంటే అందులో పడుతుంది. జొన్న రొట్టె, గట్క మామూలే. రాత్రి పులియబెట్టిన అంబలి బదులు అప్పటికప్పుడు కాచిన జావ ఇవ్వండి. "బలం" అని కల్లు పోసేవాళ్లుంటారు, అది అసలే వద్దు.

జవాబు 3 (పాలియేటివ్ కేర్ కౌన్సెలర్)

మామగారి విషయం. 2018లో అమెరికాలో యేల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు అసలు వైద్యం మానేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్నవాళ్లలో మరణించే ముప్పు ఐదున్నర రెట్లకు పైగా ఉంది. ఈ అంకె చెప్పండి, కానీ ఓడించడానికి చెప్పొద్దు. చెల్లెలి కోసం ఏదన్నా చేయాలన్న తపనతో తెచ్చాడు ఆ పొడి. ఆ తపనకు పని అప్పజెప్పండి. జ్వరం, షుగర్ రాసే నోట్‌బుక్ ఆయన చేతికివ్వండి, ఎల్లుండి ఆయన్నే తోడు తీసుకపోండి. పొడి పొట్లం డాక్టర్‌కు ఆయనే ఇవ్వనివ్వండి.

అమ్మకు దాచడం ఎక్కువ రోజులు సాగదు. ఫైలు మీద ఆ మాట ఉంది, పక్క మంచం ఆమె నోట ఉంది. జుట్టు ఊడిన మనిషికి అనుమానం రాకుండా ఉండదు. అందరూ దాస్తున్నారని తెలిసి, ఆమె కూడా మీ దగ్గర భయాన్ని దాచుకుంటుంది. తెల్లారి పని తక్కువున్న పూట, పదిమంది లేనప్పుడు, "అమ్మా, నీకేమైందనుకుంటున్నవ్?" అని అడగండి. ఆమె చెప్పిందాని నుంచే మొదలుపెట్టండి. "అవునమ్మా, అది క్యాన్సర్ గడ్డ. తీసేసిన్రు. మళ్లీ రాకుండా ఈ మందు ఎక్కిస్తున్నరు." ఇంతే చెప్పి ఆగండి. ఏడిస్తే చెయ్యి పట్టుకొని కూర్చోండి, "ఏం కాదు, ఏం కాదు" అని నోరు మూయించొద్దు. "నేను చస్తనా?" అంటే అబద్ధం చెప్పొద్దు. "నయం చెయ్యాలనే ఈ వైద్యం, ఎంతవరకు అనేది డాక్టర్‌ను నీ ముందే అడుగుదాం" అనండి. వద్దు, నాకు చెప్పకు అంటే అదీ ఆమె హక్కే.

పాలియేటివ్ అంటే ఆఖరి దశ అని భయపడకండి. నొప్పి, నిద్ర, భయం కోసం కీమోతోపాటే చూస్తారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానలో ఉంది, జిల్లాల్లో సర్కారు "ఆలన" పాలియేటివ్ కేంద్రాలున్నాయి.

ఖర్చు సంగతి అడగలేదు గానీ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు. రైల్లో పోతున్నట్టయితే దవాఖాన నుంచి రాయితీ సర్టిఫికెట్ రాయించుకోండి. స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి పూర్తి మాఫీ, తోడుకు 75 శాతం. సెకండ్ క్లాస్, చైర్ కార్‌లో ఇద్దరికీ 75 శాతం.

ప్రశ్న అడిగినవారు

షుగర్ చూసినం. తిన్న తర్వాత 318 ఉంది. మునుపు ఎప్పుడూ 200 దాటలేదు.

జవాబు 1

ఎల్లుండి దాక ఆగకు. ఇప్పుడే కీమో యూనిట్‌కు ఫోన్ చేసి ఈ అంకె, పొడి సంగతి రెండూ చెప్పు. షుగర్ గోలీల డోసు మీరే పెంచొద్దు. నీళ్లు బాగా తాగించు. వాంతులు, మత్తు, ఆయాసం వస్తే వరంగల్ ఎంజీఎం దవాఖాన ఎమర్జెన్సీకి తీసుకపో. సీబీసీ (రక్త కణాల లెక్క)తోపాటు కాలేయ పరీక్ష కూడా రాయమని అడుగు. మామూలుగా న్యూట్రోఫిల్స్ (తెల్ల కణాల్లో ఒక రకం) 1000–1500 పైన, ప్లేట్‌లెట్లు లక్ష పైన ఉంటేనే ఎక్కిస్తరు. వారం వాయిదా పడ్డా కంగారు పడొద్దు, ఆ వారంలో మాత్రం కషాయం జోలికి పోవద్దు.