కోబాల్ ప్రోగ్రాములను మార్చకుండా ఇండెక్స్‌డ్ ఫైలును డేటాబేస్‌కు మళ్లించడం ఎలా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

నమస్కారం. బీమా లెక్కలు చూసే ఒక పాత కోబాల్ వ్యవస్థ మా బృందం చేతికి వచ్చింది. అందులో పాలసీ మాస్టరు ఇండెక్స్‌డ్ ఫైలుగా, అంటే కీతో రికార్డులను వెతికే ఫైలుగా ఉంది. దానిని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి చేర్చాలి గాని, ఆ ఫైలును వాడే ప్రోగ్రాములలో ఒక్క రీడ్ వాక్యాన్ని కూడా ముట్టుకోరాదని షరతు పెట్టారు. మైక్రో ఫోకస్ కోబాల్‌లో కాల్‌ఎఫ్‌హెచ్ అనే డైరెక్టివ్‌తో (కంపైలర్‌కు ఇచ్చే ఆదేశం) సొంత ఫైల్ హ్యాండ్లర్‌ను (ఫైలు పనులు చేసే రొటీన్) తగిలించవచ్చని చదివాను. ఐబీఎం కంపైలర్‌లోని ఎగ్జిట్ ఆప్షన్ కూడా ఇటువంటిదేనా? చేసి చూసినవారు ఎక్కడ చిక్కుకున్నారో చెప్పగలరు.

జవాబు 1 (చెన్నై)

ఎగ్జిట్ సంగతి వేరండీ. ఇన్‌ఎగ్జిట్, లిబ్‌ఎగ్జిట్ వంటివి కంపైలర్ తన సోర్సునూ, రికార్డు నిర్మాణాల వంటి ఉమ్మడి కోడు ఉండే కాపీబుక్కులనూ చదువుకొనేటప్పుడు పిలిచేవి. మీ ప్రోగ్రాము నడుస్తూ తెరిచే ఫైళ్లతో వాటికి పని లేదు.

మీకు కావలసింది కాల్‌ఎఫ్‌హెచ్‌యే. ఆ డైరెక్టివ్‌తో తిరిగి కంపైల్ చేస్తే ప్రతి ఓపెన్, రీడ్, రైట్, క్లోజ్ దగ్గరా మీ హ్యాండ్లర్‌కు రెండు పారామీటర్లు వస్తాయి: రెండు బైట్ల ఆపరేషన్ కోడు, ఎఫ్‌సీడీ అనే ఫైలు వివరాల బ్లాకు. మామూలు కోడ్లలో మొదటి బైటు హెక్స్‌లో ఎఫ్‌ఏ. రెండవది 00 అయితే చదవడానికి ఓపెన్, 80 అయితే క్లోజ్, ఎఫ్3 అయితే రైట్, ఎఫ్5 అయితే వరుసలో తరువాతి రికార్డు. ఫైలు పేరు, రికార్డు ఉన్న చోటు, కీల వివరాలు ఎఫ్‌సీడీలోని పాయింటర్ల ద్వారా దొరుకుతాయి. జరిగినదేమిటో అందులోని స్టేటస్ బైట్లలో మీరే రాసి పంపాలి. మీది కాని ఫైలు వస్తే అవే పారామీటర్లతో మైక్రో ఫోకస్ వారి అసలు హ్యాండ్లరైన ఎక్స్‌టీఎఫ్‌హెచ్‌ను పిలిచి పక్కకు తప్పుకోవచ్చు. 64 బిట్లలో ఎఫ్‌సీడీ3 నిర్మాణమే వాడాలి. ఉచిత కంపైలర్ గ్నూకోబాల్ 3లో కూడా ఈ ఏర్పాటు ఉంది.

నేనైతే మొదట అన్ని ఫైళ్లనూ అసలు హ్యాండ్లర్‌కే వదిలేసి, వచ్చే కోడ్లను లాగులో రాసుకొంటూ ఒక రాత్రి బ్యాచ్ నడిపిస్తాను. మీ ప్రోగ్రాములు నిజంగా ఏయే ఆపరేషన్లు వాడుతున్నాయో అప్పుడు గాని తెలియదు.

జవాబు 2 (బెంగళూరు)

పై జవాబు సరైనదే గాని, అసలు చిక్కు కాల్ అందుకోవడంలో లేదు, వరుసలో ఉంది. స్టార్ట్‌తో ఒక కీ దగ్గర నిలిచి, రీడ్ నెక్స్ట్‌తో ముందుకు చదివే ప్రోగ్రాము కీ బైట్ల వరుసను నమ్ముకొని ఉంటుంది. కీని టెక్స్ట్ కాలమ్‌గా పెడితే డేటాబేస్ తన భాషా నియమాల ప్రకారం పేర్చవచ్చు. పైగా లో-వాల్యూస్ అంటే సున్నా బైట్లు, వాటిని పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్ అసలే ఒప్పుకోదు. కీని బైటీయాగా (బైట్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచే కాలమ్ రకం) పెట్టండి, రెండూ తీరుతాయి.

స్టేటస్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. కీతో వెతికిన రికార్డు లేకపోతే 23, వరుస ముగిస్తే 10 ఇవ్వాలి. ప్రోగ్రాములోని యట్ ఎండ్ భాగం 1తో మొదలయ్యే స్టేటస్‌కే, ఇన్‌వాలిడ్ కీ భాగం 2తో మొదలయ్యే స్టేటస్‌కే స్పందిస్తాయి. వరుస ముగిసినప్పుడు 23 పంపితే యట్ ఎండ్ కోసం ఎదురుచూసే లూపు దానిని గుర్తించదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. రికార్డు మొత్తాన్నీ కూడా బైటీయాగానే ఉంచితే సరిపోదా? ప్రీమియం మొత్తాలు కాంప్-3లో (బైటుకు రెండు అంకెల చొప్పున కుదించిన రూపం) ఉన్నాయి.

జవాబు 2 (బెంగళూరు)

ప్రోగ్రాములకు సరిపోతుంది, నివేదికలు రాసేవారికి సరిపోదు. ఎఫ్‌సీడీకి కీలు ఎక్కడ ఉన్నాయో తెలుసు గాని, ప్రీమియం ఏ బైటు దగ్గర మొదలవుతుందో తెలియదు. అది కాపీబుక్‌లోనే ఉంటుంది, రీడిఫైన్స్ (అవే బైట్లకు మరో నిర్మాణం ఇవ్వడం) ఉంటే రికార్డు రకాన్ని బట్టి మారుతుంది కూడా. అందుచేత మూల బైట్లను అలాగే ఉంచి, అవసరమైన నాలుగైదు అంశాలను మాత్రం రైట్, రీరైట్ సమయంలో విప్పి పక్క కాలమ్‌లలో రాయండి. చదివేటప్పుడు మాత్రం మూల బైట్లనే తిరిగి ఇవ్వండి.