బీడీఎస్ తర్వాత గ్లోబల్ హెల్త్, సోషల్ ఇన్నోవేషన్ వైపు వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో బీడీఎస్ పూర్తి చేసి, ఇప్పుడు విజయవాడలో ఒక ప్రైవేటు డెంటల్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఇంటర్న్‌షిప్ రోజుల్లో పల్లెల్లో నోటి పరీక్షా శిబిరాలకు వెళ్లేవాళ్లం. ఒకసారి ఇరవై ఏళ్లు దాటీ దాటని ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. గుట్కా నమిలి నమిలి బుగ్గలు లోపల గట్టిపడిపోవడంతో, అతని నోట్లో రెండు వేళ్లు నిలువుగా పట్టడం లేదు. అతనికి మేము చేయగలిగింది చాలా తక్కువ. అటువంటివారు మా దాకా రాకముందే ఏదైనా చేసే పని వెతుక్కోవాలన్న ఆలోచన అప్పటి నుంచి నన్ను వదలలేదు.

ఇంట్లో మాత్రం ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేయమని, లేదంటే సొంత క్లినిక్ పెట్టుకోమని అంటున్నారు. ఇంతలో ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఇచ్చే, గ్లోబల్ హెల్త్ నాయకత్వానికి సంబంధించిన సర్టిఫికెట్ కోర్సు కనిపించింది. ఫీజు లక్షల్లో ఉంది, అప్పు చేయక తప్పదు. ఆ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా? అసలు ఈ రంగంలో ఉద్యోగాలు ఏ పేర్లతో ఉంటాయి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మంగళగిరి వాసి (సమాధానం):

ఆ కోర్సు కోసం అప్పు చేయవద్దని మీకు గట్టిగా చెబుతాను. నాయకత్వ కోర్సులు, అప్పటికే పది పదిహేనేళ్లు ఏదో ఒక కార్యక్రమం నడిపినవారికి పరిచయాలు పెంచుకోవడానికి ఉపయోగపడతాయి తప్ప, కొత్తగా వచ్చేవారికి తలుపులు తెరవవు. ప్రకటనల్లో ‘లీడర్’ అనే ఉద్యోగం మీకు ఎక్కడా కనిపించదు. ప్రోగ్రామ్ ఆఫీసర్, జిల్లా కన్సల్టెంట్, రీసెర్చ్ అసోసియేట్, మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్ ఆఫీసర్ అన్న పేర్లతో వెతకండి.

ప్రపంచస్థాయి పని అంటే ఏమిటో తెలియాలంటే మన దేశంలో పోలియో నిర్మూలన ఎలా సాగిందో చూడండి. 1997లో మొదలైన జాతీయ పోలియో నిఘా ప్రాజెక్టులో సర్వెలెన్స్ మెడికల్ ఆఫీసర్లు, ఏ పిల్లవాడికి హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడినా ఆ ఇంటికి వెళ్లి, కనీసం 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు తీయించి, వాటిని ఐసు మధ్య ప్రయోగశాలకు చేరేలా చూసేవారు. చచ్చుబడిన పద్నాలుగు రోజుల్లోగా ఆ నమూనాలు తీయకపోతే ఆ కేసులో నమ్మదగిన తీర్పు చెప్పడం కష్టం. ఈ చాకిరీ ఏళ్ల తరబడి తప్పకుండా జరిగింది కాబట్టే 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించగలిగింది. జెనీవాలోని ఆ సంస్థ ప్రధాన కార్యాలయంలో కూర్చుని వ్యూహపత్రం రాసేవారికి ఆధారం ఆ నమూనాలే.

ఇక మీ విషయం పొగాకు కాబట్టి, గుంటూరు ప్రాంతంలో ఉండటం మీకు అదృష్టమనే చెప్పాలి. కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. మరోవైపు పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2004లోనే ధ్రువీకరించింది. అందులోని 17వ అధికరణం, పొగాకు రైతులకు, కార్మికులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపించాలంటుంది. అంటే ఒక మంత్రిత్వ శాఖ పంటను అమ్మిస్తుంటే, మరో మంత్రిత్వ శాఖ వాడకాన్ని తగ్గించడానికి పనిచేస్తోంది. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని చట్టం ఉన్నా, గేటు ఎదుటి బడ్డీకొట్టుకు పొట్లాలు ఎవరు వేస్తున్నారో, తనిఖీకి ఎవరూ ఎందుకు రారో తెలుసుకోవడం కూడా గ్లోబల్ హెల్తే. ప్రకాశం జిల్లా రైతుతో బ్యారన్ (పొగాకు ఆకును ఎండబెట్టే కొట్టం) దగ్గర కూర్చుని మాట్లాడగలిగి, అదే మాటను అంకెలతో ఢిల్లీలో చెప్పగలిగినవారు చాలా తక్కువ.

చదువు విషయానికొస్తే ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చేయండి. తిరువనంతపురంలోని అచ్యుత మేనన్ కేంద్రం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) వంటివి చూడవచ్చు. ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా, ఎందుకు వ్యాపిస్తాయో చెప్పే శాస్త్రం), గణాంకాలు గట్టిగా నేర్పేదాన్నే ఎంచుకోండి.

బందరు రోడ్డు (సమాధానం):

పైన చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, సోషల్ ఇన్నోవేషన్ (సమాజ సమస్యలకు కొత్త పరిష్కారాలు కనిపెట్టడం) గురించి ఆయన ఒక్క ముక్కా రాయలేదు. ఈ మాట వినగానే మన పిల్లలు మొబైల్ యాప్ గురించి ఆలోచిస్తారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ ఏం చేసిందో చూడండి. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ పెట్టి, ఆ చుట్టుపక్కల యువతీయువకులకే శిక్షణ ఇచ్చి, కళ్లజోడు అవసరమా, శస్త్రచికిత్స అవసరమా అని తేల్చే పని వారికి అప్పగించింది. శస్త్రచికిత్స అవసరమైనవారిని పై స్థాయి ఆసుపత్రికి పంపుతారు. ఆ సంస్థ క్యాంపస్ మన తాడిగడపలోనూ ఉంది. కాబట్టి ఒక ఆదివారం ఖర్చు పెట్టుకుని కోర్సుల వెబినార్ వినే బదులు, ఒక పనిదినాన ఏదైనా విజన్ సెంటర్‌కు వెళ్లి అక్కడ రిజిస్టరు ఎలా రాస్తారో చూడండి. డాక్టరు మాత్రమే చేయవలసిన పని ఏది, చేయనక్కరలేని పని ఏది అన్న విభజనలోనే ఇక్కడి ఇన్నోవేషన్ అంతా ఉంది. నోటి క్యాన్సర్ పరీక్షకు అలాంటి విభజన ఆశా కార్యకర్తలతో సాధ్యమేమో మీవంటి దంతవైద్యులే ఆలోచించాలి.

డబ్బు సంగతి కూడా తెలిసి రండి. నేను ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మావంటివారికి పెద్ద ఆధారం అదే. కానీ మొన్న ఒక దాత సంస్థ ట్యాబ్‌లు కొనడానికి వెంటనే ఒప్పుకుని, వాటిని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఇద్దరు అమ్మాయిల జీతాలకు మాత్రం ససేమిరా అంది! విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలైతే 2020 సవరణ తర్వాత పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. మా డైరెక్టరు గారి సమయం సగం, ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రాలకే పోతుంది. పైగా 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసివేయడంతో, అనుభవజ్ఞులే ఉద్యోగాలు పోగొట్టుకుని మళ్లీ వెతుక్కుంటున్నారు. ఇలాంటి సమయంలో అప్పుతో ఈ రంగంలోకి రావడం నాకు భయంగానే అనిపిస్తుంది.

తెనాలి అమ్మాయి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కోర్సు ఆలోచన మానుకున్నాను. ముందు ఎంపీహెచ్ చేయాలా, ముందు ఉద్యోగమా అన్నదొక్కటే ఇంకా తేలడం లేదు.

మంగళగిరి వాసి:

ముందు ఉద్యోగమే మంచిది. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో కన్సల్టెంట్, కౌన్సెలర్, సోషల్ వర్కర్ పోస్టులుంటాయి. కాంట్రాక్టు పోస్టులు కనుక జీతం క్లినిక్‌లో వచ్చేదానికంటే తక్కువే కావచ్చు, అది ఇంట్లో ముందే చెప్పండి. అయితే ఆ అనుభవం వృథా పోదు. పూర్తి ఖర్చులు భరించి బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చదివించే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల ఉద్యోగానుభవం తప్పనిసరి. క్లినిక్‌లో మీరు ఇప్పటికే చేసిన పని వివరాలు, అనుభవ పత్రం జాగ్రత్త చేసుకోండి.

జిల్లా వెబ్‌సైటుతో పాటు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కార్యాలయం నోటీసు బోర్డు కూడా చూస్తూ ఉండండి. ఈ కాంట్రాక్టు ప్రకటనలకు గడువు చాలాసార్లు వారం పది రోజులకు మించదు. కాబట్టి డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కుల, స్థానికత ధ్రువపత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.