పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్: స్లో క్వెరీల కోసం లాగింగ్ పెడితే డిస్క్ నిండిపోతోంది

ప్రశ్న:
స్లో క్వెరీలు పట్టుకోవడానికి లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్ (ఇంత సమయం పట్టిన క్వెరీలను లాగ్‌లో రాయమనే సెట్టింగ్; 0 అంటే అన్నీ) 0 పెట్టాం. డేటా, లాగ్, పీజీ_వాల్ (మార్పులను ముందుగా రాసుకునే వాల్ ఫైళ్ల డైరెక్టరీ) మూడూ ఒకే 100 జీబీ వాల్యూమ్‌లో ఉన్నాయి. ఖాళీ ఒక్క రోజులో 40 నుంచి 6 జీబీకి పడిపోయింది. ఇవాళ్టి లాగ్ ఫైల్‌ని ఆర్ఎమ్ (డిలీట్) చేస్తే డీయూలో (ఫైళ్ల సైజు చూపేది) సైజు తగ్గింది గానీ డీఎఫ్‌లో (డిస్క్ ఖాళీ చూపేది) ఖాళీ పెరగలేదు. సర్వర్ ఆపకుండా ఏం చేయొచ్చండీ?

జవాబు 1:
ఫైల్ పేరు పోయింది, ఫైల్ పోలేదు. లాగింగ్ కలెక్టర్ (లాగ్ రాసే ప్రాసెస్) దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. రూట్‌గా ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 కొడితే కనిపిస్తుంది. సూపర్‌యూజర్‌గా సెలెక్ట్ పీజీ_రొటేట్_లాగ్‌ఫైల్() నడపండి. లాగ్ కొత్త ఫైల్‌కి మారి పాత ఫైల్ మూసుకుంటుంది, జాగా వెంటనే వస్తుంది. నడుస్తున్న లాగ్‌ని ఇకమీదట ఆర్ఎమ్ చేయకండి, ఫైల్‌ని ఖాళీ చేసే ట్రంకేట్ -ఎస్ 0 వాడండి.

లాగ్_ఫైల్‌నేమ్‌లో %ఏ, అంటే వారం పేరు మాత్రమే ఉందేమో చూడండి. అలా ఉంటే లాగ్_రొటేషన్_సైజ్ (ఇంత సైజు దాటితే లాగ్ ఫైల్ మార్చమనేది) 10 ఎంబీ పెట్టినా లాభం లేదు. సైజు దాటినప్పుడు తెరిచేది మళ్లీ అదే పేరు, రాసేది ఆ ఫైల్ చివరే. లాగ్_ట్రంకేట్_ఆన్_రొటేషన్ (అదే పేరున్న పాత ఫైల్‌ని తుడిచి రాయమనేది) పనిచేసేది టైమ్ ప్రకారం జరిగే రొటేషన్‌కే. అందుకే ఒక్క రోజు ఫైల్ ఎంతకైనా పెరుగుతుంది.

జవాబు 2:
అసలు 0 పెట్టడమే వద్దు. ప్రతి క్వెరీ, దాని బైండ్ విలువలతో (క్వెరీకి విడిగా ఇచ్చే విలువలు) సహా లాగ్‌లోకి పోతుంది. బల్క్ ఇన్సర్ట్‌లుంటే డేటాని రెండోసారి రాస్తున్నట్టే. పైగా లాగ్ కూడా అదే డిస్క్‌లో ఉంది కాబట్టి, మీరు కొలుస్తున్న ఆలస్యంలో కొంత ఆ రాతల వల్లే వస్తుండొచ్చు.

0 బదులు 500 ఎంఎస్ (మిల్లీసెకన్లు) పెట్టండి. అంతకన్నా చిన్నవాటికి లాగ్_మిన్_డ్యూరేషన్_శాంపిల్ 50 ఎంఎస్, లాగ్_స్టేట్‌మెంట్_శాంపిల్_రేట్ 0.05 ఇస్తే నూటికి ఐదు మాత్రమే పడతాయి. లాగ్_పారామీటర్_మాక్స్_లెంగ్త్ (లాగ్‌లో ఒక్కో బైండ్ విలువకు పొడవు హద్దు) 200 చేయండి. వీటన్నిటికీ పీజీ_రీలోడ్_కాన్ఫ్() (రీస్టార్ట్ లేకుండా సెట్టింగ్‌లు మళ్లీ చదివించేది) చాలు.

మొత్తం లెక్కలకు పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ (క్వెరీల గణాంకాలు కూడగట్టే ఎక్స్‌టెన్షన్) ఉండనే ఉంది. డిఫాల్ట్‌గా 5000 రకాల క్వెరీల వరకే ఉంచుకుంటుంది, లాగ్‌లా పెరుగుతూ పోదు. షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చాలి కాబట్టి దానికి మాత్రం ఒక రీస్టార్ట్ తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
రొటేట్ చేయగానే 25 జీబీ వచ్చింది, థాంక్సండీ. కానీ పీజీ_వాల్ 9 జీబీ చూపిస్తోంది. మాక్స్_వాల్_సైజ్ 1 జీబీయే. పాత సెగ్మెంట్లు (వాల్ ఫైళ్లు) తీసేయొచ్చా?

జవాబు 1:
చేత్తో ఒక్క ఫైల్ కూడా ముట్టుకోవద్దు, రికవరీ చేయలేని స్థితికి పోతుంది. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ ఫాల్స్ ఉన్నదేదో చూడండి. ఎప్పుడో తీసేసిన రెప్లికా (నకలు సర్వర్) స్లాట్ రీస్టార్ట్_ఎల్ఎస్ఎన్‌ని (వాల్‌ని ఎక్కడి నుంచి ఉంచాలో చెప్పే గుర్తు) పట్టుకుని కూర్చుంటుంది, అందుకే పాత వాల్ పోదు. అవసరం లేదని రూఢి చేసుకున్నాకే పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్, ఆ తర్వాత చెక్‌పాయింట్ (మార్పులను డేటా ఫైళ్లలోకి రాసి, అక్కర్లేని వాల్‌ని వదిలించేది). స్లాట్లు శుభ్రంగా ఉంటే, వాల్ ఫైళ్లను వేరే చోట దాచే ఆర్కైవ్_కమాండ్ ఫెయిలవుతోందేమో పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో చూడండి.

స్లాట్ల కోసం ఎంత వాల్ ఉంచాలో చెప్పే మాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ డిఫాల్ట్ -1, అంటే హద్దు లేదు. 10 జీబీ ఇవ్వండి.

జవాబు 3:
జాగా కోసమని ఇప్పుడు వాక్యూమ్ ఫుల్ మొదలెట్టకండి. టేబుల్‌ని మొత్తం కొత్తగా రాసుకుంటుంది, కాబట్టి పూర్తయ్యేదాకా దాదాపు అంత జాగా అదనంగా కావాలి, టేబుల్ లాక్ కూడా అవుతుంది. ముందు లాగ్ డైరెక్టరీని వేరే వాల్యూమ్‌కి మార్చండి. లాగ్ నిండితే లాగ్ ఆగుతుంది. పీజీ_వాల్‌కి జాగా లేకపోతే సర్వరే పానిక్‌తో పడిపోతుంది.