ప్లస్ టూ పీఈ ప్రాక్టికల్స్: పరుగు టైముకే మార్కులా, పిల్ల నేర్చుకున్నదానికీ ఇవ్వాలా?

గ్రౌండు మేడం, నెల్లూరు

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఒక సీబీఎస్ఈ స్కూల్లో ఆరేళ్లుగా ఫిజికల్ ఎడ్యుకేషన్ చెప్తున్నాను. ఈ ఏడాది పన్నెండో తరగతిలో 34 మంది పిలకాయలు నా సబ్జెక్టు తీసుకున్నారు. థియరీకి 70, ప్రాక్టికల్స్‌కి 30. ఆ ముప్పైలో ఫిట్‌నెస్ టెస్టుకి 6, ఏదైనా ఒక ఆటలో నైపుణ్యానికి 7, యోగాకు 7, రికార్డుకి 5, వైవాకి 5. రికార్డు, వైవాలతో నాకు ఇబ్బంది లేదు. యోగా కూడా ఫర్వాలేదు, ఆసనంలోకి వెళ్లడం, నిలవడం, బయటికి రావడం అన్నీ కళ్లముందే జరుగుతాయి. నా బాధంతా మొదటి రెండింటితోనే.

పోయినేడు జరిగింది చెప్తాను. ఫిట్‌నెస్‌లో ఎత్తు, బరువుల లెక్క, 50 మీటర్లు, 600 మీటర్లు, సిట్ అండ్ రీచ్ (కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగి అందుకోవడం), కర్లప్స్ (పడుకుని భుజాలు పైకి లేపడం), పుషప్స్ ఉంటాయి కదా. ఒకమ్మాయి జులైలో 600 మీటర్లలో సగం దూరం నడిచింది. 3 నిమిషాల 48 సెకన్లు పట్టింది. తర్వాత ఆ పిల్ల రోజూ సాయంత్రం బస్సు వచ్చేలోపు ఇరవై నిమిషాలు నా దగ్గర నేర్చుకుంది. మొదటి వంద మీటర్లు ఎగబడి పోకుండా ఉండటం, భుజాలు వదులుగా పెట్టడం, రెండు అడుగులకి ఊపిరి తీసి రెండు అడుగులకి వదలడం. డిసెంబరుకి 3 నిమిషాల 12 సెకన్లకి వచ్చింది. ఒక్క అడుగు కూడా నడవలేదు. అదే క్లాసులో ఒకబ్బాయి జిల్లా జట్టుకి కబడ్డీ ఆడతాడు. జులైలో 1:56, డిసెంబరులో 1:58. అమ్మాయిలకీ అబ్బాయిలకీ వేర్వేరు పట్టికలు పెట్టుకున్నా, అన్ని అంశాలూ కలిపి ప్రీబోర్డులో అబ్బాయికి ఆరుకి ఆరు, అమ్మాయికి రెండు వచ్చాయి. ఆ పిల్ల నన్నేమీ అడగలేదు. మర్నాటి నుంచి సాయంత్రం గ్రౌండుకి రావడం మానేసింది. నాకిది మనసులోంచి పోవడం లేదు.

పోనీ మెరుగుదలకే మార్కులు ఇద్దామంటే, అప్పటికే బాగా పరుగెత్తేవాడు ఇంకేం మెరుగుపడతాడు? పైగా జులైలో కావాలని మెల్లగా పరుగెత్తితే ఎలా పట్టుకోవాలి? రెండో ప్రశ్న ఆట గురించి. మా పిల్లల్లో ఎక్కువమంది వాలీబాల్ తీసుకున్నారు. మ్యాచ్ ఆడించి, చూసి, ఏడుకి ఇన్ని అని వేస్తున్నాను. నా పక్కన ఇంకొకరు నిలబడి చూస్తే అవే మార్కులు వేస్తారన్న నమ్మకం నాకు లేదు. మీరెలా చేస్తున్నారు?

పాత పీడీ, కావలి

అమ్మా, 31 ఏళ్లు పీడీగా, అంటే ఫిజికల్ డైరెక్టర్‌గా, గ్రౌండులో ఉండి రిటైరయ్యాను. మీ ప్రశ్న నన్నూ చాలాకాలం తిప్పలు పెట్టింది.

మార్కుల పంపకం తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు టైములూ పోల్చదగ్గవేనా? జులైలో ఎక్కడ పరుగెత్తించారు, డిసెంబరులో ఎక్కడ? నేను చేసిన తప్పు చెప్తాను. ఒక ఏడాది మొదటి పరీక్ష స్కూలు ఆవరణలో పెట్టాను. అక్కడ చుట్టు 120 మీటర్లు, అంటే ఐదు చుట్లు, చుట్టుకి నాలుగు మూలలు. ప్రతి మూల దగ్గరా పిల్లవాడు వేగం తగ్గించి మళ్లీ ఊపందుకోవాలి. రెండో పరీక్ష 400 మీటర్ల ట్రాక్ మీద, ఒకటిన్నర చుట్టు. అందరి టైములూ తగ్గాయి. నా శిక్షణ ఫలించిందని ఇంట్లో కూడా చెప్పుకున్నాను. వారం తర్వాత అదే పిల్లల్ని మళ్లీ ఆవరణలో పరుగెత్తిస్తే పాత టైములే వచ్చాయి. అందుకని రెండుసార్లూ ఒకే చోట, ఒకే వేళ పెట్టండి. మన ఎండలకి పొద్దున ఆరున్నర దాటనివ్వకండి. కడుపునిండా తిని రావద్దని ముందురోజే చెప్పండి.

50 మీటర్లలో ఇంకో చిక్కుంది. విజిల్ ఊదేవాళ్లు స్టార్ట్ దగ్గర, వాచీ పట్టుకున్న మీరు ఫినిష్ దగ్గర ఉంటారు. ఆ శబ్దం మీ చెవిన పడేసరికి సెకనులో దాదాపు ఏడో వంతు అయిపోతుంది, పిల్ల అప్పటికే కదిలిపోయి ఉంటుంది. అథ్లెటిక్స్‌లో టైంకీపర్లు తుపాకీ మోత విని వాచీ నొక్కరు, పొగో మెరుపో చూసి నొక్కుతారు. మనకి తుపాకీ అక్కర్లేదు, స్టార్టర్ ఎత్తి పట్టుకున్న జెండా కిందికి దిగగానే నొక్కండి. చేతి వాచీలో 7.61 వస్తే 7.7 అనే రాయాలి. 7.6 అని రాసి దయ చూపించకూడదు.

ఇక ఆరు మార్కులు. మీ చోట నేనుంటే నాలుగు ఫలితానికి (ఇంత టైముకి ఇన్ని అని ముందే రాసుకున్న మెట్ల ప్రకారం), రెండు తన జులై ఫలితాన్ని తాను ఎంత దాటిందన్నదానికి పెడతాను. అప్పటికే పై మెట్టులో ఉన్నవాడు అదే మెట్టులో నిలిస్తే ఆ రెండూ అతనికే. లేకపోతే మీ కబడ్డీ కుర్రాడికి అన్యాయం జరుగుతుంది. ఎత్తు, బరువులు రికార్డులో రాయండి, వాటికి మాత్రం మార్కు పెట్టకండి. ఇంటి తిండి, పుట్టుక ఇచ్చిన ఒళ్లు మీరు నేర్పినవి కావు.

కావాలని మెల్లగా పరుగెత్తేవాళ్లని పట్టుకోవడానికి నాడి చాలు. గీత దాటగానే మెడ పక్కన రెండు వేళ్లు మెల్లగా ఆనించి పది సెకన్లు లెక్కపెట్టమనండి, ఆరుతో గుణించండి. ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తిన పదిహేడేళ్ల పిల్లకి 170, 180 కనిపిస్తుంది. 120 దగ్గరుంటే ఆ టైము కొట్టేసి, రెండు రోజులాగి మళ్లీ పరుగెత్తించండి. మీ అమ్మాయి 3:48కి నడిచి వచ్చినప్పుడు కూడా నాడి చూసి ఉంటే, ఆమె ఎంత కష్టపడిందో ఆ రోజే తెలిసేది.

వాలీబాల్‌కి ఏడూ మ్యాచ్ చూసి వేయకండి. బ్రేడీ టెస్ట్ మీరు చదివే ఉంటారు. గోడ మీద నేల నుంచి 11 అడుగుల 6 అంగుళాల ఎత్తున 5 అడుగుల గీత. ఒక్క నిమిషంలో ఆ గీత పైన ఎన్నిసార్లు వాలీ చేస్తే, అంటే బంతిని పట్టుకోకుండా గోడకి కొడితే, అన్ని. అది కాలేజీ అబ్బాయిల కోసం పెట్టిన ఎత్తు. మీ అమ్మాయిలకి గీత కిందికి దించుకోండి, కానీ అందరు అమ్మాయిలకీ ఒకటే ఉండాలి. దానికి మూడు మార్కులు. మిగతా నాలుగూ ఆటలో చూడండి. గోడకేసి నలభై కొట్టిన పిల్ల కోర్టులో పక్కవాళ్ల మధ్య బంతి పడుతుంటే 'నాది' అని అరవకుండా నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. ప్రతి రిసీవ్‌కీ (అవతలి నుంచి వచ్చిన బంతిని అందుకుని, స్మాష్‌కి బంతి లేపే సెట్టర్‌కి పంపడం) ఒక అంకె వేసుకోండి. సెట్టర్ చేతికి సరిగ్గా వెళ్తే 3, సెట్టర్ కదిలి అందుకుంటే 2, ఎలాగోలా బంతి బతికి ఉంటే 1, పోతే 0. ఒక్కొక్కరికి కనీసం పది రిసీవ్‌లు దొరకాలి. ఇంకో మాస్టారిని కూర్చోబెట్టి విడిగా రాయించండి, ఇద్దరివీ కలిపి చూడండి. తేడా ఎక్కువొస్తే గొడవ పడక్కర్లేదు, '2' అంటే ఏమిటో ఇద్దరికీ ఒకే మాట లేదని అర్థం. అది తేల్చుకుని మళ్లీ చూడండి.

ఈ లెక్కంతా జులైలోనే నోటీసు బోర్డు మీద పెట్టండమ్మా. పరీక్ష అయ్యాక చెప్పే లెక్కని పిల్లలు నమ్మరు.

బీపీఎడ్ రెండో ఏడు, ఒంగోలు

మేడం, సార్, నమస్తే. బీపీఎడ్ (వ్యాయామ టీచర్ల కోర్సు) సీటు కోసం పెట్టే పీఈసెట్‌లో మమ్మల్ని ఎక్కువగా పరుగు, షాట్‌పుట్, జంప్‌లో వచ్చిన కొలతల్ని బట్టి తీసుకున్నారు. అక్కడ సీటుకి మనుషుల్ని ఎంచుకోవాలి కాబట్టి అది సరే. క్లాసులో నేర్పినదానికి కొలత వేరుగా ఉండాలని మా సార్ కూడా అంటారు.

ఒక్కటి చెప్తాను. సెకన్లు, సెంటీమీటర్లు, పుషప్‌ల లెక్క, వీటిని కలపడం కష్టం కదా. టీ స్కోరు వేసుకోండి. క్లాసు సగటు 50 అవుతుంది, ఒక ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 10 అవుతుంది. 50 మీటర్లలో క్లాసు సగటు 8.4, విచలనం 0.6 అనుకుందాం. 7.8లో పరుగెత్తిన పిల్లకి 60 వస్తుంది. టైము తగ్గితే మంచిది కాబట్టి గుర్తు తిప్పాలి, మొదటిసారి నేను అది మర్చిపోయి రికార్డంతా తప్పు రాశాను. అప్పుడు సిట్ అండ్ రీచ్‌లో 55, పరుగులో 60 కలిపి సగటు తీయొచ్చు.

పాత పీడీ, కావలి

బాగా చెప్పావు బాబూ. ఒక్క జాగ్రత్త. టీ స్కోరు ఆ క్లాసులో నువ్వెక్కడున్నావో మాత్రమే చెప్తుంది. 34 మందిలో ఎనిమిది మంది జిల్లా ఆటగాళ్లుంటే సగటు పైకి పోతుంది, మామూలుగా పరుగెత్తే పిల్లకి 42 వస్తుంది. అదే పిల్ల పక్క సెక్షన్‌లో ఉంటే 52. వేర్వేరు అంశాలు కలపడానికి వాడండి, మేడం గారూ. మార్కుకి మాత్రం ముందే రాసిపెట్టిన మెట్లే పెట్టండి.

ఒక అమ్మ, పొదలకూరు

మేడం గారూ, నాకు ఈ టెస్టుల పేర్లు తెలియవు. మా బాబుకి చిన్నప్పటి నుంచి ఎడమకాలు సన్నం. గేమ్స్ పీరియడ్ వస్తే వాడికి స్కోరు పుస్తకం ఇచ్చి చెట్టు కింద కూర్చోబెడతారు. పదకొండులో ఈ సబ్జెక్టు తీసుకుంటానంటున్నాడు. బుల్లెట్లా క్యారమ్స్ ఆడతాడు, చేతులు గట్టివి. 600 మీటర్లు పరుగెత్తాలంటే ఎక్కడ తెస్తాడు? తీసుకోవద్దని చెప్పమంటారా?

గ్రౌండు మేడం, నెల్లూరు

అమ్మా, వద్దని మాత్రం చెప్పకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఆ ఆరు మార్కులకీ బ్రోక్‌పోర్ట్ టెస్ట్ అని వేరే ఉంది. అందులో 27 అంశాలు. వాటిలో ఒక్కో విభాగం నుంచి ఒకటి చొప్పున నాలుగు చేస్తే చాలు. చేతుల బలానికి, భుజాలకి, వంగడానికి అన్నింటికీ అంశాలున్నాయి. మీ బాబుకి సరిపోయే నాలుగు నేను రాసిస్తాను, స్కూల్లో సార్‌కి ఆ కాగితం చూపించండి. ఆటకి సిట్టింగ్ వాలీబాల్ కూడా ఉంది, నేల మీద కూర్చుని ఆడేది. స్కోరు పుస్తకం ఎవరైనా రాయొచ్చు, వాడి గేమ్స్ పీరియడ్ వాడికి ఆడుకోవడానికి ఇవ్వాలి. దయచేసి గట్టిగా అడగండి.

పీడీ సార్, మీరన్నట్టు పాత రిజిస్టర్ తీసి చూశాను. పోయినేడు రెండుసార్లూ మా గ్రౌండులోనే పెట్టాను, కానీ జులైలో మూడో పీరియడ్‌లో, డిసెంబరులో పొద్దున్నే. అంటే ఆ అమ్మాయి తగ్గించుకున్న 36 సెకన్లలో ఎండ వాటా ఎంతో, ఆమె వాటా ఎంతో నేనిప్పుడు చెప్పలేను. కబడ్డీ అబ్బాయికి చల్లటి పూట కూడా రెండు సెకన్లు పెరిగాయంటే, అతను డిసెంబరులో ఒళ్లు దాచుకున్నట్టే. అతనికి ఆరుకి ఆరు వేశాను.

నిన్న శనివారం పొద్దున ఆరున్నరకి ఈ ఏడాది పిల్లల్ని గోడ దగ్గరికి తీసుకెళ్లాను. అమ్మాయిలకి గీత తొమ్మిదిన్నర అడుగుల దగ్గర సుద్దతో గీశాం. టేపు పట్టుకోవడానికి వాచ్‌మన్ అన్న నిచ్చెన తెచ్చాడు. మొదటి నిమిషంలో ఎక్కువమందికి 10 దాటలేదు. బంతి గీత కిందే తగిలి వెనక్కి పోతోంది, అరచేతులతో కొడుతున్నారు. వేళ్లు విప్పి, నుదుటి పైన కిటికీలా పెట్టి, మోకాళ్లు వంచి లేస్తూ నెట్టమని చెప్పి పది నిమిషాలు చేయించాను. రెండోసారికి ఒకమ్మాయి 19 కొట్టింది. లెక్క రాస్తున్న పిల్ల 'మేడం, దీన్ని ముందుదాని పక్కనే రాయనా, కొట్టేసి రాయనా' అని అడిగింది. పక్కనే రాయమన్నాను. రిజిస్టర్‌లో ఈ ఏడాది ప్రతి పేరుకీ రెండు గళ్లు గీయించాను.

సార్, ఆ 3, 2, 1, 0 కాగితం మీరు రాసుకున్నది ఉంటే ఫొటో తీసి పెట్టగలరా? మా స్కూల్లో లెక్కల సార్ పక్కన కూర్చుని రాస్తానన్నారు, ఆయనకి వాలీబాల్ కొత్త.